అడ్డపొగ నుంచి ‘పొగతాగని’ రోగి వరకు: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నోటి క్యాన్సర్ పరిశోధన చరిత్ర

వ్యాససంగ్రహం

తల, మెడ భాగాల్లో వచ్చే క్యాన్సర్లకు పొగతాగడమే ప్రధాన కారణమన్న అభిప్రాయం బలంగా ఉంది. ఎన్నడూ పొగతాగనివారికి ఈ వ్యాధి వచ్చినప్పుడు అది వైద్యులకూ, కుటుంబానికీ వింతగా తోస్తుంది. అయితే ‘పొగతాగేవారు’, ‘పొగతాగనివారు’ అనే విభజన సిగరెట్టును ప్రమాణంగా పెట్టుకొని ఏర్పడింది. చుట్టను నిప్పు నోటిలోపలికి పెట్టుకొని పీల్చే అడ్డపొగ అలవాటు ఉన్న ఉత్తరాంధ్ర తీరంలో ఆ విభజన ఎంతవరకు నిలుస్తుందన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న. 1937 నుంచి నేటివరకు శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో జరిగిన వైద్య పరిశోధనల క్రమాన్ని పరిశీలించి, ‘పొగతాగని’ రోగిని అర్థం చేసుకోవడానికి ఆ చరిత్ర ఎలా ఉపకరిస్తుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: అడ్డపొగ, చుట్ట, అంగిలి క్యాన్సర్, శ్రీకాకుళం, విజయనగరం, నమలే పొగాకు, వక్క, వైద్య చరిత్ర.

1. ఉపోద్ఘాతం

నోరు, నాలుక, అంగిలి, గొంతు, స్వరపేటిక, ముక్కు, లాలాజల గ్రంథులు మొదలైన అవయవాల్లో పుట్టే క్యాన్సర్లను వైద్యశాస్త్రం ‘తల–మెడ క్యాన్సర్లు’ అనే ఒకే శీర్షిక కింద చేర్చింది. తెలుగు పల్లెల్లో మానని పుండుకు ‘రాచపుండు’ అన్న పేరు చాలాకాలంగా ఉంది. ఆ పేరులో వ్యాధి తీవ్రత ఉంది కాని, కారణం లేదు. కారణాన్ని వెదికే పని ఆధునిక వైద్యంతో మొదలై, పొగాకు దగ్గర ఆగింది. 1950లో ఇంగ్లండులో డాల్, హిల్, అమెరికాలో వైండర్, గ్రాహం ప్రచురించిన అధ్యయనాలు సిగరెట్టుకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని లోకానికి తెలియజేశాయి. అప్పటినుంచి రోగి చరిత్రను నమోదు చేసే పత్రంలో ‘పొగతాగుతారా?’ అన్న ప్రశ్న స్థిరపడింది. దానికి అవును, కాదు అన్న రెండు సమాధానాలే ఉన్నాయి.

ఉత్తరాంధ్రలో ఈ ప్రశ్న రెండు విధాలుగా తప్పుదారి పట్టించగలదు. మొదటిది, ఇంటిలో చుట్టను అడ్డంగా పెట్టుకొనే వృద్ధ స్త్రీ తనను ‘పొగతాగే మనిషి’గా భావించకపోవచ్చు. అడిగేవారి మనసులో ఉన్నది సిగరెట్టో బీడీయో కాల్చే పురుషుని రూపం. రెండవది, పొగాకును నమిలేవారు, పళ్ళకు రుద్దుకొనేవారు, వక్కపొడి దవడలో ఉంచుకొనేవారు ‘కాదు’ అన్న సమాధానంతో సురక్షితుల జాబితాలో చేరిపోతారు. ఈ రెండు తప్పులను సరిదిద్దడానికి కావలసిన సాక్ష్యం ఈ ప్రాంతపు వైద్య చరిత్రలోనే ఉంది.

2. ప్రాంతం, పేర్లు, ఆకరాల పరిమితి

ఈ చరిత్రను చదివేటప్పుడు జిల్లాల పేర్ల విషయంలో జాగ్రత్త అవసరం. నేటి శ్రీకాకుళం జిల్లాలోని ఉత్తర భాగం 1936 వరకు గంజాం జిల్లాలో ఉండేది. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ తెలుగు ప్రాంతాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1950 ఆగస్టు 15న విశాఖపట్నం నుంచి శ్రీకాకుళం జిల్లా వేరుపడింది. 1979 జూన్ 1న శ్రీకాకుళం నుంచి పార్వతీపురం, సాలూరు, బొబ్బిలి, చీపురుపల్లి తాలూకాలనూ, విశాఖపట్నం నుంచి మరికొన్ని తాలూకాలనూ కలిపి విజయనగరం జిల్లాను ఏర్పాటు చేశారు. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడింది.

కాబట్టి 1937 నాటి వ్యాసంలో ‘విశాఖపట్నం’ అంటే మూడు నేటి జిల్లాల కంటె విశాలమైన ప్రదేశం. 1960ల సర్వేల్లోని ‘శ్రీకాకుళం’ నేటి విజయనగరం, మన్యం జిల్లాల్లో కొంత భాగాన్ని కూడా కలుపుకొన్నది. వైద్య గ్రంథాల్లో విజయనగరం పేరు అరుదుగా కనిపించడానికి ఇది ఒక కారణం. అక్కడ వ్యాధి లేదని దాని అర్థం కాదు. వైద్యవిద్యా కేంద్రం విశాఖపట్నంలో ఉండటం రెండవ కారణం. 1923లో అక్కడ ఏర్పడిన వైద్య కళాశాల, దానికి అనుబంధమైన కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉత్తరాంధ్ర రోగులందరికీ చివరి మజిలీ. శ్రీకాకుళం పల్లెలో మొదలైన పుండు విశాఖపట్నం ఆసుపత్రి పుస్తకంలో కేసుగా నమోదయ్యేది. అంతదూరం ప్రయాణించలేనివారి చరిత్ర ఏ పుస్తకంలోకీ ఎక్కలేదన్నది ఆసుపత్రి లెక్కలను చదివే పరిశోధకుడు మరువరాని విషయం.

3. అడ్డపొగ: అలవాటు, స్వరూపం

చుట్ట అంటే ఎండబెట్టిన పొగాకును ఆకులోనే చుట్టి చేసే ముతక పొగచుట్ట. దీనికి కాగితం, వడపోత ఉండవు. ఇంటిలో స్వయంగా చుట్టుకోవడం పల్లెల్లో పరిపాటి. దీనిని మామూలుగా నిప్పు బయటికి ఉంచి పీల్చేవారున్నారు. నిప్పున్న కొసను నోటిలోపల ఉంచి పెదవులు మూసి పీల్చే పద్ధతికి ఉత్తరాంధ్రలో ‘అడ్డపొగ’ అని పేరు. అడ్డపొగలో చుట్ట లోపల నెమ్మదిగా కాలుతుంది. గాలి బయటి కొస నుంచి నిప్పువైపుకు పోతుంది. పొగ అంగిలికి నేరుగా తగులుతుంది. లాలాజలం వల్ల పెదవుల దగ్గర ఆకు తడిగా ఉండి చుట్ట త్వరగా అయిపోదు. బూడిదను కొందరు ఉమ్మివేస్తారు, కొందరు మింగుతారు.

ఈ పద్ధతి తెలుగువారికి మాత్రమే పరిమితం కాదు. కరీబియన్ దీవులు, పనామా, కొలంబియా, వెనిజులా, సార్డీనియా, ఫిలిప్పీన్స్ వంటి చోట్ల కూడా దీనిని పరిశోధకులు గుర్తించారు. ఒకదానికొకటి సంబంధం లేని ఈ ప్రదేశాల్లో కూడా ఇది ఎక్కువగా స్త్రీల అలవాటుగానే నమోదు కావడం గమనించదగినది. అమెరికా పరిశోధకుడు క్విగ్లీ, ఆయన సహచరులు 1960లలో కరీబియన్ ప్రాంతంలో జరిపిన పరిశీలనల్లో అడ్డపొగ సమయంలో నోటిలోని గాలి ఉష్ణోగ్రత 120 డిగ్రీల సెల్సియస్ వరకు చేరవచ్చునని తేలింది. ఈ వేడికి అంగిలి పొర మందమై, తెల్లబడి, పగుళ్ళు తీసి, గుల్లలు పడుతుంది.

తెలుగు సాహిత్యంలో చుట్టకు స్థానం లేకపోలేదు. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమై 1897లో అచ్చయిన గురజాడ ‘కన్యాశుల్కం’లో గిరీశం వద్ద శిష్యుడు వెంకటేశం నేర్చిన విద్యల్లో చుట్ట కాల్చడం ఒకటి. అక్కడ చుట్ట పురుషుని లౌక్యానికి, విలాసానికి గుర్తు. అదే విజయనగరం చుట్టుపక్కల పల్లెల్లో స్త్రీ నోటిలోని చుట్ట మాత్రం ప్రధానంగా వైద్య పత్రాల ద్వారా, అదీ పుండుగా మారిన తరువాతనే, చరిత్రకు తెలియవచ్చింది.

4. మొదటి దశ: ఆసుపత్రి పరిశీలన (1902–1945)

దక్షిణ భారతంలో నోటి క్యాన్సర్ అసాధారణంగా ఎక్కువన్న సంగతి 20వ శతాబ్దారంభంలోనే వైద్యుల దృష్టికి వచ్చింది. 1902లో మద్రాసు నుంచి నిబ్లాక్, 1908లో తిరువాన్కూరులోని నెయ్యూరు మిషన్ ఆసుపత్రి నుంచి ఫెల్స్, 1933లో అదే ఆసుపత్రి నుంచి ఆర్ ఈ వ్యాధి గురించి ప్రచురించారు. నెయ్యూరులో ప్రధాన అనుమానితం తాంబూలంతోపాటు నమిలే పొగాకు. అక్కడి రోగుల్లో పుండు బుగ్గ లోపలి పొరపై, ముద్ద నిలిచే చోట కనిపించేది.

విశాఖపట్నంలో చిత్రం వేరు. 1937లో ఎం.జి. కిని, కె.వి. సుబ్బారావు ‘ఇండియన్ మెడికల్ గెజిట్’లో క్యాన్సర్ సమస్యపై ప్రచురించిన వ్యాసం ఈ ప్రాంతంలో అంగిలి క్యాన్సర్‌ను అడ్డపొగతో జతపరచిన తొలి రచనల్లో ఒకటి. గట్టి అంగిలిపై క్యాన్సర్ ప్రపంచంలో ఇతరచోట్ల అరుదు. ఇక్కడ మాత్రం అది సాధారణం. సిగరెట్టుపై పాశ్చాత్య దేశాల్లో వెలువడిన ప్రసిద్ధ అధ్యయనాల కంటె 13 ఏళ్ళ ముందు, ఒక తెలుగు తీరపట్టణంలో పొగాకు వాడే విధానానికీ క్యాన్సర్ పుట్టే చోటుకూ గల సంబంధం అచ్చులోకి వచ్చిందన్నమాట.

ఈ పరిశీలనకు సిద్ధాంత రూపం ఇచ్చినవారు బొంబాయి టాటా స్మారక ఆసుపత్రికి చెందిన వి.ఆర్. ఖానోల్కర్. 1945లో సూర్యాబాయితో కలిసి ఆయన ప్రచురించిన వ్యాసం భారతదేశంలోని మూడు కొత్త రకాల క్యాన్సర్లను వాడుకలతో ముడిపెట్టింది. అవి అంగిలిపై చుట్ట క్యాన్సర్, కింది పెదవి గాడిలో ఖైనీ క్యాన్సర్, నడుముపై ధోవతి క్యాన్సర్. ఈ మూడింటిలో ధోవతి క్యాన్సర్‌కు పొగాకుతో సంబంధమే లేదు. ఏళ్ళ తరబడి ఒకే చోట బిగుతుగా కట్టుకొన్న బట్ట ఒరిపిడే దానికి మూలం. అంతకుముందు 1866లోనే ఎల్మ్‌స్లీ అనే మిషనరీ వైద్యుడు కాశ్మీరులో కాంగ్రీ అనే నిప్పుకుండను ఒంటికి ఆనించుకొనేవారికి పొట్ట, తొడల చర్మంపై వచ్చే క్యాన్సర్‌ను వర్ణించాడు.

ఖానోల్కర్ వ్యాసంలోని ముఖ్యాంశం ఇది: పదార్థం ఏదన్నది ఎంత ముఖ్యమో, అది శరీరంలో ఎక్కడ, ఎంతసేపు, ఏ రూపంలో నిలిచిందన్నది అంతే ముఖ్యం. పొగాకు ఒక్కటే అయినా చుట్టగా అంగిలినీ, ఖైనీగా పెదవి గాడినీ, తాంబూలపు ముద్దగా బుగ్గనూ ఎంచుకొంటుంది. ఈ దృష్టితో చూస్తే ‘పొగతాగుతారా?’ అన్న ప్రశ్న కంటె ‘నోటిలో ఏమి, ఎక్కడ పెట్టుకొంటారు?’ అన్న ప్రశ్న సార్థకమైనది.

5. రెండవ దశ: వేడి, తారు వివాదం (1957–1960)

కాంగ్రీ ఉదాహరణ ఒక చిక్కు ప్రశ్నను తెచ్చింది. అంగిలి క్యాన్సర్‌కు కారణం పొగాకులోని రసాయనాలా, నిప్పు వేడియా? వేడి మాత్రమే కారణమైతే అడ్డపొగ పొగాకు సమస్య కాక కాలిన గాయాల సమస్య అవుతుంది. పొగాకు మాత్రమే కారణమైతే చుట్టను మామూలుగా కాల్చేవారి అంగిలి కూడా అంతే ప్రమాదంలో ఉండాలి.

1957లో డి.గోవిందరెడ్డి, వి.కె. రావు కోస్తా ఆంధ్రలో నిప్పుకొసను నోటిలో పెట్టుకొని చుట్ట కాల్చడం వల్ల కలిగే అంగిలి క్యాన్సర్‌పై వ్యాసం ప్రచురించారు. ఆ తరువాత గోవిందరెడ్డి సహచరులతో కలిసి పొగాకు తారును, వేడిని జంతువులపై ప్రయోగించి 1960లో ‘క్యాన్సర్’ పత్రికలో ఫలితాలు వెల్లడించారు. పల్లెలోని అలవాటును ప్రయోగశాలలో పునర్నిర్మించే ప్రయత్నం ఇది. ఆ కాలంలో ప్రాంతీయ వైద్య పరిశోధకులు కేవలం కేసులు లెక్కపెట్టడంతో ఆగక, కారణ నిర్ణయ విధానం గురించి ఆలోచించారని చెప్పడానికి ఇది సాక్ష్యం.

వైద్యశాస్త్రంలో స్థిరపడిన మరొక భేదం కూడా ఈ సందర్భంలో గుర్తుంచుకోదగినది. పైపు తాగేవారిలో అంగిలి తెల్లబడే మార్పు సాధారణంగా క్యాన్సర్‌కు దారితీయదు. అడ్డపొగ తాగేవారిలో దానిని పోలిన మార్పులు క్యాన్సర్‌కు ముందస్థితి కాగలవు. చూపుకు దగ్గరగా ఉన్న రెండు మచ్చల భవిష్యత్తు వేర్వేరు. మచ్చను మాత్రమే చూసి అలవాటును అడగని వైద్యుడు ఈ భేదాన్ని పట్టుకోలేడు.

6. మూడవ దశ: ఆసుపత్రి నుంచి గ్రామానికి (1966–1986)

ఆసుపత్రి లెక్కలకు ఒక సహజ పరిమితి ఉంది. వచ్చినవారి గురించే అవి చెబుతాయి. ఊరిలో ఎందరికి అలవాటుంది, వారిలో ఎందరికి మార్పులు వచ్చాయి, అలవాటు లేనివారి సంగతేమిటి అన్న ప్రశ్నలకు ఇంటింటికీ వెళ్ళక తప్పదు. ఆ పనిని బొంబాయిలోని టాటా ప్రాథమిక పరిశోధనా సంస్థకు చెందిన దంత పరిశోధన విభాగం చేపట్టింది. ఫాలీ ఎస్. మెహతా, డెన్మార్క్‌కు చెందిన నోటి వ్యాధుల నిపుణుడు యెన్స్ పిండ్‌బోర్గ్, ప్రకాశ్ సి. గుప్తా, డి.కె. దఫ్తరీ ఈ బృందంలో ప్రముఖులు. గుజరాత్‌లోని భావనగర్, కేరళలోని ఎర్నాకుళం, బీహారులోని సింగ్‌భూమ్, దర్భంగా, ఆంధ్రలోని శ్రీకాకుళం జిల్లాలను ఎన్నుకొని మొత్తం 50,915 మంది గ్రామీణులను పరీక్షించారు. ఫలితాలు 1969లో వెలువడ్డాయి. పొగాకు వాడుకలో వైవిధ్యమే జిల్లాల ఎంపికకు ఆధారం. అందులో శ్రీకాకుళం అడ్డపొగకు ప్రతినిధి.

శ్రీకాకుళం ఏజెన్సీ రైతాంగ పోరాటంతో దేశమంతటా వార్తల్లో నిలిచిన కాలం కూడా సరిగ్గా ఇదే. ఒకే దశాబ్దంలో ఒకే జిల్లా రాజకీయ చరిత్రలో ఒక పేరుతో, క్యాన్సర్ విజ్ఞాన చరిత్రలో మరొక పేరుతో నమోదయింది. రెండవ చరిత్ర తెలుగు పాఠకులకు దాదాపు అపరిచితం.

1971లో ‘బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్’లో పిండ్‌బోర్గ్ బృందం శ్రీకాకుళం ఫలితాలను విడిగా ప్రచురించింది. పరీక్షించిన 10,169 మందిలో 43.8 శాతం అడ్డపొగ తాగేవారు. స్త్రీలలో అలవాటు పురుషుల కంటె ఎక్కువ. అంగిలిపై కనిపించిన మార్పులను ఈ అధ్యయనం రకాలుగా వర్గీకరించింది: పొర మందమవడం, బుడిపెలు, తెల్లని మచ్చలు, ఎర్రబడిన భాగాలు, పుండ్లు, రంగు కోల్పోయిన భాగాలు. వీటిలో ఎర్రని భాగాలను, పుండ్లను ఎక్కువ అనుమానంతో చూడవలసి ఉంటుంది. 1974లో విశాఖపట్నం నుంచి సి.ఆర్.ఆర్.ఎం. రెడ్డి అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ పత్రికలో అడ్డపొగకూ గట్టి అంగిలి క్యాన్సర్‌కూ గల సంబంధాన్ని మళ్ళీ నిరూపించారు.

ఈ వ్యాసపు ప్రధాన ప్రశ్నకు అత్యంత విలువైన సమాధానం 1980లో వచ్చింది. ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం గ్రామీణులను పదేళ్ళపాటు అనుసరించిన తరువాత, నోటి క్యాన్సర్, దాని పూర్వస్థితులు దాదాపు పూర్తిగా పొగాకు తాగేవారిలో లేదా నమిలేవారిలోనే వస్తున్నాయనీ, క్యాన్సర్‌కు ముందు దాదాపు ఎల్లప్పుడూ ఏదో ఒక మచ్చ ఉంటోందనీ పరిశోధకులు ప్రకటించారు. ఇందులో రెండు భాగాలను వేరుచేసి చూడాలి. మొదటిది, ఏ రూపంలోనూ పొగాకు వాడని గ్రామీణునికి నోటి క్యాన్సర్ చాలా అరుదు. రెండవది, ‘పొగతాగని’ రోగి అంటే ఆ పల్లెల్లో ఎక్కువగా నమిలే రోగి అని.

1986లో ‘లాన్సెట్’లో ప్రచురితమైన తరువాతి ప్రయత్నం నివారణకు సంబంధించినది. అవే మూడు ప్రాంతాల్లో 36,000 మందికి పైగా పొగాకు వినియోగదారులకు వ్యక్తిగత సలహా, చలనచిత్రాలు, గోడపత్రికలు మొదలైనవాటితో బోధన చేసి, ఏటా నోరు పరీక్షించారు. అలవాటు మానినవారు, తగ్గించినవారు పెరిగారు, పూర్వస్థితి మచ్చల రాక తగ్గింది. ఈ ఫలితం సామాన్యమైనది కాదు. అడ్డపొగ ‘వారి సంస్కృతి, మారదు’ అన్న నిరాశకు ఆ గ్రామాలే సమాధానం చెప్పాయి.

7. స్త్రీలు ఎందుకు? వివరణలపై విమర్శ

అడ్డపొగ ఎందుకు పుట్టింది, అందులోనూ స్త్రీలలో ఎందుకు నిలిచింది అన్న ప్రశ్నకు వైద్య రచనల్లో అనేక వివరణలు ఉన్నాయి. సముద్రంపై చేపలు పట్టేవారు, పడవవారు, చాకలివారు గాలికీ తడికీ నిప్పు ఆరకుండా నోటిలో దాచుకొన్నారని ఒకటి. స్త్రీలు పెద్దల ఎదుట అలవాటును మరుగుపరచుకొన్నారని మరొకటి. చంకలోని బిడ్డపై నిప్పురవ్వ పడకుండా అని ఇంకొకటి. పంటినొప్పికి ఉపశమనమనీ, చలికి వెచ్చదనమనీ, తల్లిని చూసి కూతురు నేర్చిందనీ కూడా చెప్పారు.

వీటిలో ప్రతి ఒక్కటీ కొంతవరకు సమంజసమే. కాని పరీక్షకు పెడితే వేటికవి చాలవు. గాలి, తడి వివరణ మగవారి వృత్తులకు సరిపోతుంది కాని, ఇంటిలో కూర్చొని అడ్డపొగ పీల్చే వృద్ధురాలికి సరిపోదు. మరుగుపరచడమన్న వివరణ, ఊరిలో సగం మంది స్త్రీలకు తెలిసిన అలవాటు విషయంలో బలహీనపడుతుంది. తల్లి నుంచి కూతురికి అన్న వివరణ అలవాటు ఎలా కొనసాగిందో చెబుతుంది, ఎలా పుట్టిందో చెప్పదు. నాట్లు, కలుపు, కోతలు, ఉప్పుచేపల పని, నీళ్ళు మోయడం, పొయ్యి ఊదడం వంటి చేతులు ఖాళీ ఉండని శ్రమలో ఒక చుట్టను ఎక్కువసేపు నోటిలో నిలుపుకోగల పద్ధతికి ఉన్న అనుకూలతను కూడా ఈ వివరణల సరసన చేర్చి పరిశీలించవలసి ఉంది. చుట్ట ఎక్కువసేపు రావడం పేదరికంలో పొదుపు కూడా.

అన్నిటికంటె ముఖ్యమైన లోపం మరొకటి ఉంది. ఈ వివరణలన్నీ పరిశీలకులవి. పదివేలమంది నోళ్ళు పరీక్షించిన చరిత్రలో ఆ నోళ్ళు పలికిన మాటలు బహు స్వల్పం. ఉత్తరాంధ్ర మాండలికంలో ఈ అలవాటుకు సంబంధించిన పదజాలం, సామెతలు, పాటలు, తొలిసారి చుట్ట పట్టిన వయస్సు జ్ఞాపకాలు సేకరించే పని తెలుగు శాఖలకూ, జానపద పరిశోధకులకూ చెందుతుంది. అలవాటున్న తరం వృద్ధాప్యంలో ఉన్నందున ఆ పనికి గడువు తక్కువ.

8. ఆహారం, పోషణ కోణం

1990లలో పరిశోధన మరో దిక్కుకు మళ్ళింది. 1993లో నెదర్లాండ్స్ పరిశోధకులు, విశాఖపట్నం క్యాన్సర్ వైద్యుడు గవరసాన సత్యనారాయణతో కలిసి గ్రామీణ ఆంధ్రలో అడ్డపొగ వల్ల అంగిలికి కలిగే ముప్పును మరల కొలిచారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి కమలా కృష్ణస్వామి బృందం 1995లో అడ్డపొగ తాగేవారికి విటమిన్ ‘ఎ’, రైబోఫ్లేవిన్, జింకు, సెలీనియం ఇచ్చి, అంగిలి మచ్చలు తగ్గుతాయేమో పరీక్షించి, ఆశాజనకమైన ఫలితాలు ప్రకటించింది. 2002లో హీబర్ట్, గుప్తా తదితరులు శ్రీకాకుళం జిల్లాలో ఆహారానికీ నోటి పూర్వస్థితులకూ గల సంబంధాన్ని పరిశీలించారు.

ఈ అధ్యయనాల తాత్పర్యం పొగాకు నిర్దోషి అని కాదు. ఒకే అలవాటున్న ఇద్దరిలో ఒకరికే వ్యాధి ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు ఆకుకూరలు, పండ్లు, పప్పులు కొరవడిన కంచం కూడా సమాధానంలో భాగమని వాటి సూచన. అలవాటును వ్యక్తి తప్పుగా మాత్రమే చూసే దృష్టికి ఇది అవసరమైన సవరణ.

9. ‘పొగతాగని’ రోగి: నాలుగు వర్గాలు

పై చరిత్ర వెలుగులో నేటి ఉత్తరాంధ్రలో ఎన్నడూ పొగతాగని తల–మెడ క్యాన్సర్ రోగులను నాలుగు వర్గాలుగా విభజించవచ్చు.

మొదటి వర్గం, పొగలేని పొగాకు వాడేవారు. ఖైనీ, గుట్కా, జర్దా, తాంబూలంలోని పొగాకు, ఒడిశా సరిహద్దుకు అవతల వాడుకలో ఉన్న పళ్ళకు రుద్దే గుడాకు ఇందులోకి వస్తాయి. 2016–17 జాతీయ వయోజన పొగాకు సర్వే ప్రకారం భారతదేశంలో పొగతాగే వయోజనులు 10.7 శాతం కాగా, పొగలేని పొగాకు వాడేవారు 21.4 శాతం. అంటే పొగాకు వాడేవారిలో ఎక్కువమంది ‘పొగతాగుతారా?’ అన్న ప్రశ్నకు నిజాయితీగానే ‘లేదు’ అని చెప్పగలరు.

రెండవ వర్గం, పొగాకు లేకుండా వక్క మాత్రమే నమిలేవారు, పొగాకు లేకుండా మద్యం సేవించేవారు. వక్క ఒంటరిగా కూడా మనుషుల్లో క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ నిర్ణయించి 2004లో ప్రచురించింది. వక్క వల్ల బుగ్గలు బిగుసుకొని నోరు తెరుచుకోని వ్యాధిని 1952లో ష్వార్జ్ తూర్పు ఆఫ్రికాలోని భారతీయ స్త్రీలలో, 1953లో బొంబాయిలో జోషి వర్ణించారు. మద్యాన్ని అదే అంతర్జాతీయ సంస్థ 1988లో నోరు, గొంతు క్యాన్సర్ల కారకాల్లో చేర్చింది. ‘పొగాకు లేని’ వక్కపొడి పొట్లం నిరపాయకరమన్న నమ్మకానికి శాస్త్రాధారం లేదు.

మూడవ వర్గం, వైరస్ వల్ల వ్యాధి వచ్చినవారు. హ్యూమన్ పాపిలోమా వైరస్, ప్రత్యేకించి దాని 16వ రకం, టాన్సిల్, నాలుక మొదలు భాగాల్లో క్యాన్సర్ కలిగించగలదు. 2000లో గిల్లిసన్ బృందం ఈ వైరస్ సంబంధిత క్యాన్సర్లు ప్రత్యేక వర్గమని చూపింది. ఈ వైరస్‌కూ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కూ గల సంబంధాన్ని కనుగొన్నందుకు హరాల్డ్ త్సుర్ హౌజన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించింది. అమెరికా, ఐరోపాల్లో పొగతాగని రోగి అనగానే వైద్యులు మొదట తలచేది ఈ వర్గాన్నే. ఆ తలంపును యథాతథంగా శ్రీకాకుళానికి తెస్తే మొదటి రెండు వర్గాలు మరుగున పడతాయి. ఇక్కడ వ్యాధి నోటి ముందుభాగంలో, బుగ్గలో, అంగిలిలో ఉన్నప్పుడు మొదట వెదకవలసింది నమిలే అలవాటును.

నాలుగవ వర్గం, ఏ అలవాటూ బయటపడనివారు. వీరు తక్కువమందే అయినా నిజమైనవారు. ఏ అలవాటూ లేని యువతీయువకుల్లో నాలుక క్యాన్సర్ అనేక దేశాల్లో నమోదయింది. వీరి విషయంలో అనుమానం మరో విధమైన హాని చేస్తుంది. ‘ఏదో చాటుగా తింటూ ఉంటుంది’ అన్న చుట్టుపక్కలవారి మాట రోగికి పుండుకంటె భారమవుతుంది. కారణం తెలియని వ్యాధి ఉండగలదని అంగీకరించడం కూడా విజ్ఞానమే.

10. నేటి స్థితి, ముందున్న కర్తవ్యం

అడ్డపొగ కొత్త తరంలో అంతగా పాకడం లేదు. చదువు, వలస, బోధన ఇందుకు కారణాలు. కాని అలవాటు తగ్గినంతమాత్రాన పొగాకు వెళ్ళిపోలేదు, రూపం మార్చుకొన్నది. చుట్ట ఇంటిలో తయారైన వస్తువు, గుట్కా కర్మాగారంలో తయారైన పొట్లం. చుట్టను తల్లి చూపింది, పొట్లాన్ని కిళ్ళీకొట్టు చూపుతుంది. ఖానోల్కర్ సూత్రాన్ని అనుసరిస్తే వాడుక మారినప్పుడు వ్యాధి స్థానం కూడా మారాలి. అంగిలి నుంచి బుగ్గకు, వృద్ధ స్త్రీల నుంచి యువకులకు భారం బదిలీ కావడాన్ని రానున్న కాలపు లెక్కలు పరిశీలించవలసి ఉంది.

2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం బహిరంగ స్థలాల్లో పొగతాగడాన్ని, ప్రకటనలను నిషేధించింది. పొట్లాలపై హెచ్చరిక బొమ్మను తప్పనిసరి చేసింది. ఇంటిలో చుట్టుకొన్న చుట్టపై హెచ్చరిక బొమ్మ ఉండదు, ఇంటి మూలలో పీల్చే అడ్డపొగ బహిరంగ స్థలం కాదు. చట్టం చేరని ఆ చోటికి 1980లలో ఇంటింటికీ తిరిగిన దంతవైద్యులు, సామాజిక కార్యకర్తలు చేరగలిగారు. నేడు ఆ పని గ్రామ ఆరోగ్య కార్యకర్త చేతిలో ఉంది. వెలుతురులో నోరు తెరిపించి అంగిలి, బుగ్గలు, నాలుక అంచులు చూడటానికి రెండు నిమిషాలు చాలు.

11. ఉపసంహారం

1937 నుంచి సాగిన ఈ పరిశోధన చరిత్ర మూడు విషయాలను స్పష్టం చేస్తుంది. మొదటిది, పొగాకు, క్యాన్సర్ సంబంధ విజ్ఞానానికి ఉత్తరాంధ్ర పల్లెలు కేవలం ఉదాహరణలు కావు, మూలాధారాల్లో ఒకటి. రెండవది, ‘పొగతాగనివారు’ అన్న వర్గం వేరొక సమాజపు అలవాట్లను కొలమానంగా చేసుకొని ఏర్పడింది. శ్రీకాకుళం, విజయనగరాల్లో దానిని అలాగే వాడితే అడ్డపొగ పీల్చే స్త్రీ, ఖైనీ నమిలే కూలీ, వక్కపొడి తినే విద్యార్థి ఒకే ‘కాదు’లో కలిసిపోతారు. మూడవది, పూర్వస్థితి మచ్చ దాదాపు ఎల్లప్పుడూ క్యాన్సర్ కంటె ముందే కనిపిస్తుంది కనుక, సరైన ప్రశ్న సకాలంలో అడిగితే ప్రాణం నిలిచే అవకాశం ఉంది.

రోగి పత్రంలో ‘పొగతాగుతారా?’ అన్న ఒక్క ప్రశ్న స్థానంలో చుట్ట, బీడీ, సిగరెట్టు, అడ్డపొగ, ఖైనీ, గుట్కా, వక్క, తాంబూలం, మద్యం అని వాడుక పేర్లతో విడివిడిగా అడగడం, నోటిలో ఎక్కడ ఉంచుకొంటారో, ఎన్నేళ్ళుగానో రాయడం పెద్ద ఖర్చుతో కూడిన సంస్కరణ కాదు. ఆ పదాలు ఈ ప్రాంతపు ప్రజల నాలుకపై ఉన్నవే. వాటిని పత్రంలోకి తేవడంలో వైద్యులకు తెలుగు పరిశోధకుల తోడ్పాటు అవసరం.